పద్నాలుగో ఫుట్‌నోట్

ఫుట్‌నోట్లు ఎవరూ చదవరని మా ఓనరు గారి నమ్మకం. ఇరవై రెండేళ్ళుగా ఈ ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతున్నాను, ఆయన నోట ఆ మాట వినని నెల లేదు. "పేజీ కింద చీమల బారులా అవేంటమ్మా, కళ్ళు పోతాయి" అంటారు. పోయేవి నా కళ్ళు, బాధ ఆయనకి.

నా లెక్కలో ఫుట్‌నోట్‌కి ఒకటే అర్థం. పైన నేను చెప్పిన ఈ మాట నాది కాదు, ఫలానావారిది అని ఒప్పుకోవడం. రాసేవాడు పేజీ నిండా ఎంత గొంతు పెంచినా, అడుగున ఆ చిన్న అక్షరాల దగ్గరికొచ్చేసరికి తల వంచాలి. వంచడం ఇష్టం లేనివాళ్ళే ఫుట్‌నోట్లు దండగంటారు. ఇదంతా ఓనరు గారితో అంటే ఆయన టీ తెప్పించుకుంటారు.

మూడేళ్ళ కిందట ఒక ఆచార్యులు గారు పాతకాలపు వృత్తుల మీద పుస్తకం రాస్తానని మా ప్రెస్సుకొచ్చారు. మంత్రసానుల గురించి చెప్పేవాళ్ళు దొరకడం లేదని వాపోతుంటే, నేనే నోరు జారి "మా అత్తయ్య ఉన్నారు సార్" అన్నాను. ఇక ఆదివారం వస్తే చాలు, ఆయన మా వంటింటి బల్ల దగ్గర ప్రత్యక్షం. అత్తయ్య చెప్పడం, ఆయన రాసుకోవడం, మధ్యలో నేను టీలు కాయడం. "నీ మొగుడు పుట్టినప్పుడు కూడా ఇంత మర్యాద జరగలేదే నాకు" అని నవ్వేది ఆవిడ.

ఆవిడ నవ్వినా, ఆ పుస్తకం మీద పెట్టుకున్న ఆశ చిన్నది కాదు. మంత్రసానితనం చేసిన ఆఖరి రోజుల్లో ఎదురుకాళ్ళతో వచ్చిన ఒక బిడ్డని తిప్పి పట్టింది. తల్లీ బిడ్డా బతికారు గానీ, బిడ్డ చెయ్యి బలహీనంగా ఉండిపోయింది. ముసల్దానికి పని రాదు, లాగిపారేసిందని ఆ ఇంటివాళ్ళు ఊరంతా చాటారు. ఆ తర్వాత ఆవిడని పిలిచిన గుమ్మం లేదు. కన్న కూతురు కూడా మాట మాత్రం చెప్పకుండా ఆసుపత్రికి వెళ్ళి పురుడు పోసుకుంది. ఆ దెబ్బ ఆవిడ ఇప్పటికీ మర్చిపోలేదు. "పుస్తకంలో పడితే నాకు పనొచ్చని కూతురికైనా తెలుస్తుంది కదే" అని నాతో పదిసార్లయినా అని ఉంటుంది.

పుస్తకంలో నాలుగో అధ్యాయం పూర్తిగా ఆవిడదే. పన్నెండో ఫుట్‌నోట్‌లో ఆచార్యులు గారు అత్తయ్య పేరు, పక్కన 'మంత్రసాని, స్వయంగా చెప్పినది' అని రాశారు. అక్కడి నుంచి అధ్యాయం చివరిదాకా ముప్ఫై ఏడు నోట్లు, అన్నిటికీ ఒకటే మాట: 'పైదే'. అంటే పైన చెప్పినవారే చెప్పారు, మళ్ళీ పేరెందుకని. పుస్తకాలు చేసేవాళ్ళ అలవాటది. పేరు ఒకసారి రాస్తే తాడు పట్టుకున్నట్టు చివరిదాకా పోవచ్చు.

పదహారేసి పేజీల ఫారాలు అచ్చుకెళ్ళే రోజు పొద్దున్నే ఆచార్యులు గారు ఫోను చేశారు. "పన్నెండు తర్వాత నా పాత పుస్తకం పేరొకటి పదమూడో నోటుగా పెట్టండమ్మా, మిగతా నంబర్లు జరపండి." జరిపాను. పైనా కిందా డెబ్బై నాలుగు చోట్ల నంబర్లు మార్చి, రెండుసార్లు సరిచూసుకుని, ఒక్కటీ తప్పలేదని గర్వపడ్డాను కూడా. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టుంది నా తెలివి.

అచ్చయిన నాలుగో అధ్యాయం ఫారం ఒకటి బుధవారం మధ్యాహ్నం ఇంటికి పట్టుకెళ్ళాను. అత్తయ్య చేతులు తుడుచుకుని బల్ల ముందు కూర్చుంది. ఎదురుకాళ్ళ బిడ్డ గురించిన పేజీ చదివాను. ఆవిడ చెప్పిన మాటే, పొల్లు పోకుండా.

"ఆ చివర అంకె ఏదో ఉందేమిటే?"

"కింద చూసుకోమని, అత్తయ్యా. ఎవరు చెప్పారో కింద ఉంటుంది."

"చూడు మరి."

"పైదే అని ఉంది. అంటే పైన పేరున్నవాళ్ళే."

"ఆ పైన?"

"అదీ పైదే."

"ఇదేంటే, అందరూ పైకే చూపిస్తారు! అసలు మనిషి దగ్గరికి తీసుకెళ్ళు."

నవ్వుతూ వేలు పెట్టి ఒక్కొక్క నోటే వెనక్కి నడిచాను. ముప్ఫై, ఇరవై, పదిహేను, పద్నాలుగు. పద్నాలుగూ పైదే. పదమూడు: ఆచార్యులు గారి పేరు, ఆయన పాత పుస్తకం. నా వేలు అక్కడే ఆగిపోయింది.

పన్నెండులో అత్తయ్య పేరుంది, లేకేం. గుడ్డలు మరగబెట్టుకోవాలన్న వాక్యానికి. ఆ తర్వాత అధ్యాయంలో ఉన్న విద్య అంతా, ప్రసవమయ్యే గది గుమ్మమైనా తొక్కని ఆచార్యులు గారిది. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే కదా!

"ఎవరున్నారు?" అంది అత్తయ్య.

"ఆయన పేరు పడింది. ప్రెస్సులో ఏదో పొరపాటు" అన్నాను. ప్రెస్సులో ఆ పని చేసేది ఎవరో మాత్రం చెప్పలేదు.

ఆవిడ గట్టిగా మాట్లాడి ఉంటే నాకు సుఖంగా ఉండేది. "దిద్దుతారుగా" అని లేచి వెళ్ళిపోయింది.

గురువారం ఓనరు గారి ముందు నిలబడ్డాను. ఆ ఒక్క ఫారం మళ్ళీ వెయ్యమన్నాను. ఆదివారం ఆవిష్కరణ, బైండింగు సగంలో ఉంది, కుదరదన్నారు. పోనీ తప్పొప్పుల చీటీ ఒకటి అంటిద్దామంటే, రచయిత ఒప్పుకోవాలన్నారు. "అయినా ఫుట్‌నోట్లు ఎవరు..." అని మొదలుపెట్టగానే బయటికొచ్చేశాను. ఆ వాక్యం పూర్తిగా వినే ఓపిక ఆ రోజు నాకు లేదు.

ఆచార్యులు గారింటికి వెళ్ళాను. ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కుర్చీలో కూర్చుని అంతా విన్నారు.

"పన్నెండో నోటులో ఆవిడ పేరుంది కదమ్మా."

"గుడ్డలు మరగబెట్టే దగ్గర ఉంది సార్. మిగతావన్నీ మీ ఖాతాలోకి పోయాయి."

"చదివేవాళ్ళు అర్థం చేసుకుంటారు."

"ఏమని సార్? పైదే అంటే పైవారే అని అర్థం చేసుకుంటారు. అందుకేగా అలా రాసేది?"

"చీటీ అంటిస్తే పుస్తకం నిండా తప్పులున్నాయనుకుంటారు. రెండో ముద్రణలో చూద్దాం." గుమ్మం దాకా సాగనంపి, ఓదార్పుగా అన్నారు: "అయినా ఆవిడకి చదవడం రాదు కదమ్మా!"

మూడేళ్ళపాటు ఆదివారాలన్నీ మా ఇంట్లో గడిపిన మనిషి. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. మెట్లు దిగుతుంటే ఒళ్ళు మండిపోయింది. ఆయన్ని తిట్టడానికి నోటిదాకా వచ్చిన మాటల్లో సగం నాకే తగులుతాయని తెలిసి, ఆ మంట ఇంకా ఎక్కువైంది.

సందు మలుపు తిరిగాక గాని బుర్ర పనిచేయలేదు. ముప్ఫై ఏడూ దిద్దక్కర్లేదు. పద్నాలుగో నోటు ఒక్కదానిలో 'పైదే' కొట్టేసి అత్తయ్య పేరు రాస్తే, కింద ఉన్నవన్నీ వాటంతటవే ఆవిడ వెనక నడుస్తాయి. పుస్తకానికి ఒక్క దిద్దుబాటు చాలు.

శుక్రవారం సెలవు పెట్టి, నల్ల పెన్నులు కొనుక్కుని, అత్తయ్యని వెంటబెట్టుకుని బైండింగు షెడ్డుకి వెళ్ళాను. జిగురు వాసన, కత్తిరింపు యంత్రం చప్పుడు, గోడవారగా పుస్తకాల దొంతరలు. బైండరు ఇరవై ఏళ్ళుగా తెలిసినవాడు. నేను చేయబోయేది విని తల గోక్కున్నాడు.

"ఓనరు గారికి తెలుసా అక్కా?"

"తెలుస్తుంది."

అతను బల్ల మీద చోటు చేసి, రెండు స్టూళ్ళు లాగాడు.

నేను ప్రూఫులు దిద్దే సన్నటి అక్షరాలతో మొదలుపెట్టాను. నాలుగు పుస్తకాలయ్యాయి. అత్తయ్య నా భుజం మీంచి చూస్తోంది.

"ఏం రాస్తున్నావు?"

"మీ పేరు."

"నా పేరు నువ్వు రాయడమేంటే? ఇలా తే."

రాయడం రాదుగా అనబోయి నాలుక కరుచుకున్నాను. ఆవిడకి సంతకం వచ్చట. పుట్టిన పిల్లల్ని నమోదు చేయించడానికి వెళితే, వేలిముద్ర వేస్తోందని గుమాస్తా నవ్వేవాడట. పట్టుబట్టి వారం రోజుల్లో నేర్చుకుందట. ఇన్నేళ్ళ కాపురంలో నాకు తెలియని సంగతి.

నేను పేజీ తీసి 'పైదే' కొట్టెయ్యడం, ఆవిడ సంతకం చెయ్యడం. ఒక్కో అక్షరం పప్పుగుత్తంత. అడుగున ఆ చోటెక్కడ సరిపోతుంది! సంతకం పైకి పాకి, ఆచార్యులు గారి ఆఖరి వాక్యం మీదెక్కి కూర్చుంది. "సన్నగా చెయ్యండి అత్తయ్యా" అంటే, "నాకు ఇంతే వచ్చు" అంది. వంద దాటాక వేళ్ళు కొంకర్లు పోతుంటే ఆగమన్నాను. "మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి" అని చెయ్యి విదిలించుకుని మళ్ళీ మొదలుపెట్టింది.

సాయంత్రం అయిదింటికి దొంతర్లు అయిపోయాయి.

"అన్నీ అయినట్టేనా?"

అవునంటే పోయేది. "ఇక్కడున్న మూడు వందల అరవై అయ్యాయి. నూట నలభై మంగళవారమే లైబ్రరీలకి వెళ్ళిపోయాయి."

"అక్కడ ఎన్నాళ్ళుంటాయి?"

"ఇవన్నీ పాత కాగితాల్లోకి పోయినా అవి ఉంటాయి, అత్తయ్యా."

ఆవిడ పెన్ను మూత పెట్టింది. "అంటే, నేను పోయాక ఎవరైనా వెళ్ళి చూస్తే, ఆ బిడ్డని తిప్పింది ఆయనన్నమాట."

ఇక నా వల్ల కాలేదు. "నంబర్లు జరిపింది నేనే. ఆయన ఫోనులో చెప్పారు, నేను ఆలోచించకుండా జరిపాను. ప్రెస్సు పొరపాటు కాదు, నాది" అన్నాను. బైండరు యంత్రం ఆపేశాడు.

అత్తయ్య నా వైపు తిరిగింది. నన్ను తిట్టలేదు, ఓదార్చనూ లేదు.

"మరి ఆ మాట ఎక్కడ రాశావు?" అంది.

ఎక్కడా రాయలేదు.

ఆదివారం ఏం జరిగిందో, ఓనరు గారు నన్నెన్ని మాటలన్నారో చెప్పుకోవడం దండగ. ఆచార్యులు గారు మా ఇంటి వైపు రావడం మానేశారు. నేను లైబ్రరీల చిరునామాలు సంపాదించి ఉత్తరాలు రాస్తున్నాను. నాలుగో అధ్యాయం పద్నాలుగో నోటు దగ్గర ఏం కొట్టెయ్యాలో, ఎవరి పేరు రాయాలో వివరంగా చెబుతున్నాను. తొంభై రెండు పంపాను. ఒక్కచోటి నుంచీ జవాబు లేదు. అత్తయ్య రోజూ టపా వచ్చిందా అని అడుగుతుంది, లేదంటే కూరగాయల బుట్ట ముందుకి లాక్కుంటుంది. నేను ఇంకో కాగితం తీసుకుని మొదటి వాక్యం రాస్తాను: నంబర్లు జరిపి ఈమె పేరు పోగొట్టింది నేను.