విమానం నోట్లో చెయ్యి

వీధంతా పైలట్ అని పిలిచే ఆ మనిషి బతుకుతెరువు లిఫ్టులు బాగుచెయ్యడం. మధ్యలో ఆగిపోయిన లిఫ్టులో జనం లబోదిబోమంటుంటే తలుపు ఇవతల నిలబడి, "కంగారు పడకండి. నేను తలుపు దగ్గరే ఉన్నాను, ఎక్కడికీ పోను" అని చెప్పి, ఆ తర్వాతే పనిముట్లు తీస్తాడు. అలాంటివాడు ఈ మధ్యాహ్నం తన షెడ్డులో, తన చేతులతో కట్టుకున్న విమానం నోట్లో మోచేతిదాకా ఇరుక్కుపోయి, గొంతెత్తి అరవడానికి సిగ్గుపడుతూ నిలబడ్డాడు.

విమానమంటే పెద్దదేం కాదు, రెండు సీట్లది. ఏళ్ల తరబడి సెలవులన్నీ దానికే ధారపోశాడు. రెక్కలు, చక్రాలు, ఇంజను ఎక్కడివక్కడ కుదిరాయి. మిగిలింది ఒక్క గాలి గొట్టం. ముక్కు కింది రంధ్రం నుంచి ఇంజనుకు గాలి అందించే వంపు గొట్టం అది. థర్మోకోల్‌ను ఆ వంపులో చెక్కి, దానిమీద గాజుపోగుల బట్టను వరుసలుగా పరిచి, రెసిన్ అనే జిగురుతో తడిపి, గట్టిపడ్డాక లోపలి థర్మోకోల్‌ను పెట్రోలు పోసి కరిగించేస్తే గొట్టం మిగులుతుంది. బట్ట కత్తిరించి ఇచ్చేది భార్య. ఆమె దర్జీ. ఏటవాలుగా కత్తిరిస్తే వంపు దగ్గర ముడతలు పడవని కాలర్లు కుట్టి కుట్టి తెలుసుకున్న మనిషి.

మొదటి గొట్టం బిగిస్తుండగానే చిట్లింది. రెండోది కొలత తప్పింది. మూడోది దివ్యంగా కుదిరింది. చిక్కంతా అక్కడే వచ్చిపడింది. ఆదివారం విమానం ఎగురుతుందని ఎదురింటి రేడియో బాబాయి ఊరంతా చాటేశాడు. ఆయనకా పేరు ఊరికే రాలేదు, చెవిన పడ్డ మాట ఆయన కడుపులో నిలవదు. అప్పటినుంచి పైలట్‌కు తిండి సయించడం లేదు, కంటిమీద కునుకు లేదు.

ఇవాళ బిగించిన గొట్టంలోకి టార్చి వేసి చూస్తే, వంపు దగ్గర లోపలి పొర బుడగలా లేచి కనిపించింది. గాల్లో అది ఊడి అడ్డం పడితే ఇంజను ఊపిరాడక ఆగిపోతుంది. నిజానికి బోల్టులు విప్పి తీరిగ్గా చెయ్యాల్సిన పని. మన మారాజుకు అంత ఓపికెక్కడిది? గాజు బట్ట ముక్కను రెసిన్‌లో ముంచి, చెయ్యి లోపలికి దూర్చి, గట్టిపడేదాకా నొక్కి పట్టుకుంటే సరిపోతుందనుకున్నాడు. రెసిన్ గట్టిపడడానికి ఎప్పుడూ తూకం వేసి కలిపే హార్డెనర్‌ను ఇవాళ కంటి అంచనాతో ఒంపేశాడు. రెసిన్ చూస్తుండగానే వేడెక్కి బిగుసుకుంది. దాంతోపాటే చేతి గ్లౌజూ, తడిసిన చొక్కా చెయ్యీ బిగుసుకున్నాయి. గట్టిగా లాగితే చర్మం ఊడొస్తుందేమోనని భయమేసింది. బోల్టులు రెండో చేతికి అందవు. కత్తెరేమో ఎదురుగోడ అలమరలో ఉంది.

పక్కగదిలో భార్య కుట్టుమిషను గడగడమంటోంది. అది ఆగితే తప్ప పిలిచినా వినపడదు. ఆగకపోతేనే బాగుండునని కూడా అనిపించింది. చెంప విమానం రేకుకు ఆనించి నిలబడ్డాడు. చల్లటి రేకు, లోపల మండుతున్న చెయ్యి. విమానం నడపడం నేర్చుకునే రోజుల్లో ఒకసారి గాల్లో ఇంజను ఆగిపోయింది. పక్కనున్న గురువు ఎలాగో పొలంలో దింపాడు కాబట్టి బతికి బయటపడ్డాడు. ఆ ఆగిపోయిన నిశ్శబ్దం గురించి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. సొంతంగా విమానం కడితే భయం పోతుందనుకున్నాడు. కట్టినకొద్దీ అది పెరిగింది.

మిషను ఆగింది. పిలిచాడు.

భార్య వచ్చి చూసింది. నవ్వలేదు, తిట్టలేదు. చెయ్యి కాలుతోందా అని అడిగి, తగ్గిందని అతను చెప్పాక, బల్ల మీద దుమ్ముపట్టి ఉన్న చిన్న త్రాసువైపు చూసింది.

"తూకం వెయ్యలేదా?"

"మర్చిపోయాను."

"కూరలో ఉప్పు కూడా తూకం వెయ్యమనే మనిషి మీరు. మొదటిది చిట్లింది, రెండోది కొలత తప్పింది, ఇప్పుడిది. మీ చేతికి ఇన్నిసార్లు కొలత తప్పుతుందా అండీ?"

ఆమె రేకులు కోసే కత్తెర, తన సుద్దముక్క, స్టీలు స్కేలు తెచ్చుకుంది. ఇంజను పైమూత ఎత్తి, గొట్టం మీద పొడుగునా ఒక గీత గీసింది.

"ఇలా నిలువుగా కోస్తే మళ్ళీ అతికించుకోవచ్చు, ఆదివారానికి తయారవుతుంది. అడ్డదిడ్డంగా కోస్తే దేనికీ పనికిరాదు. ఎలా కొయ్యమంటారు?"

ముఖం తిప్పుకుందామన్నా ఎటూ తిరగలేడు.

"పనికిరాకుండా కొయ్యి," అన్నాడు. "నాకు భయమేస్తోందే. పైకెళ్ళాక ఇంజను ఆగిపోతుందని భయం. ఇది కుదిరితే ఇంక చెప్పుకోడానికి సాకు కూడా ఉండదు."

ఆమె స్కేలును అతని చేతికీ గొట్టానికీ మధ్య జాగ్రత్తగా దూర్చింది. గీతను అరచేత్తో తుడిచేసి, ముక్కలు ముక్కలుగా కోసింది. చొక్కా చెయ్యిని చీల్చి, గ్లౌజు కత్తిరించి, ఎర్రగా కందిన చేతిని బయటికి తీసింది.

సరిగ్గా అప్పుడే రేడియో బాబాయి గుమ్మంలోకి తొంగిచూశాడు. ఆదివారం ఖాయమేగా, మా వియ్యంకుణ్ణి కూడా రమ్మన్నానోయ్ అన్నాడు. ఖాయమే అనే మాట అలవాటుకొద్దీ నాలిక చివరిదాకా వచ్చింది. పైలట్ దాన్ని మింగేశాడు.

"లేదు బాబాయ్. నేను ఎగరను. నాకు భయం."

బాబాయి ఒక్క క్షణం గుడ్లప్పగించి చూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. పైలట్‌కు భయమట అంటూ, వీపు మీద ఒకటి చరిచి, ఆ జోకు వీధివాళ్ళకు చెప్పడానికి హుషారుగా వెళ్ళిపోయాడు. ఒక్కో గుమ్మం దగ్గరా నవ్వులు లేవడం షెడ్డులోకి వినపడింది.

పైలట్ స్టూలు మీద కూలబడ్డాడు. ఆ ఒక్క మాట బయటపెడితే చాలు, బతికిపోతానని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. చెప్పేశాడు. ఆదివారం మాత్రం అక్కడే ఉంది.

భార్య ముక్కలన్నీ ఏరి మూల పడేసింది. రెండో స్టూలు లాక్కెళ్ళి గుమ్మంలో వేసుకుని, వీధివైపు ముఖం పెట్టి కూర్చుంది.

"నేను నమ్మాను," అంది వెనక్కి తిరక్కుండానే. "ఆదివారం వచ్చేవాళ్ళను రానివ్వండి. కంగారు పడకండి. నేను తలుపు దగ్గరే ఉన్నాను, ఎక్కడికీ పోను."