నాలుగు వేళ్ళ సందు

యూనివర్సిటీ పిల్లల హాస్టలుకు ఒక్క గోడ చాలదట, రెండు కావాలట. బయట ఒకటి, లోపల ఒకటి, మధ్యలో నాలుగు వేళ్ళ సందు. బయటి గోడ తాగిన వాననీళ్ళు సందులోంచి దిగి, అడుగున వదిలిన చిన్న కంతల్లోంచి పోతాయి. లోపలి గోడ పొడిగా ఉంటుంది. ఎండ వేడీ లోపలికి రాదు, ఏసీలు అక్కర్లేదు. ప్లాను గీసినావిడ నోరు తెరిస్తే పచ్చదనం మాటే, అందుకని మేం ఆమెకు పచ్చమ్మ అని పేరు పెట్టాం. ఎనిమిదిలో బడి మానేసిన నాక్కూడా అర్థమయ్యేలా చెప్పింది, ఆ మాట ఒప్పుకోవాలి.

ఇటుక పేర్చేటప్పుడు సిమెంటు మాలు జారి సందులో పడుతుంది. అది గట్టిపడితే రెండు గోడలకూ వంతెనైపోతుంది, చెమ్మ దాని మీదుగా లోపలికి నడిచొస్తుంది. అందుకని సందులో ఒక చెక్కపట్టీ వేలాడదీసి, ఐదారు వరసలకోసారి తాళ్ళతో పైకి లాగి, దానిమీద పడ్డ మాలు గీకి, మళ్ళీ దింపాలి. వారం రోజులు శ్రద్ధగానే చేశాం. ఈలోపు ప్రారంభోత్సవం తేదీ ఖాయమైంది. సూపర్‌వైజరు మా నెత్తినెక్కి కూర్చున్నాడు.

నా బావమరిదికి విసుగెత్తింది. "గోడ కడుతున్నామా, బావిలో నీళ్ళు తోడుతున్నామా బావా?" అన్నాడు. అందరం నవ్వాం. పట్టీని అవతల పారేసింది మాత్రం నేనే. సందులోకి తొంగి చూసేదెవడు? గోడ మాత్రం తాడు పట్టినట్టు నిటారుగా లేచింది. పచ్చమ్మ దాన్ని అరచేత్తో నిమిరి, నీ చేతిలో పనితనం ఉంది మేస్త్రీ అంది. సిగ్గు లేకుండా పళ్ళికిలించాను.

ఆ ఏడే నా కూతురికి అక్కడే సీటొచ్చింది. మా ఇంటావంటా కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి. కింది అంతస్తులో చివరి గది ఇచ్చారు, వాన కొట్టే వైపు. దానికి చిన్నప్పట్నుంచీ ఉబ్బసం. మా నాన్న కట్టిన గోడ అని స్నేహితురాళ్ళకు చూపించిందట.

మొదటి ముసురుకే మంచం పక్క గోడ చెమర్చింది. నెల తిరక్కుండా నల్లటి బూజు. పిల్ల రాత్రుళ్ళు కూర్చునే నిద్రపోతోందని తెలిసి వెళ్ళాను. బయట కంతలో ఇనుప తీగ దూర్చి చూస్తే వేలెడు కూడా దిగలేదు. తర్వాతి కంతలోనూ అంతే, జారిపడ్డ మాలే గడ్డకట్టి కూర్చుంది. ఆ వైపు ముప్పై గదులు. పచ్చమ్మకు చెబితే గోడలు విప్పాలి, ఆ తర్వాత మా ముఠాకు తాపీ పట్టే పని ఎవరూ ఇవ్వరు.

చెప్పలేదు. డాక్టరు చీటీ తీసుకెళ్ళి వార్డెన్ని బతిమాలి, పై అంతస్తులో వాన కొట్టని వైపు గది ఇప్పించాను. సామాను సర్దుతుండగానే ఆ మంచానికి ఇంకో పిల్ల పరుపుచుట్ట మోసుకుంటూ వచ్చింది.

నా కూతురు పెట్టె మీద చెయ్యేసి ఆపింది. "నాన్నా, గోడలో ఏముంది?"

"చెమ్మే. ఎండ కాస్తే పోతుంది."

"పోయేదైతే నన్నెందుకు మారుస్తున్నావు?"

పాతికేళ్ళుగా కూలీల నోళ్ళు మూయించిన నన్ను వరండాలోకి లాక్కెళ్ళి అంతా కక్కించింది. ఆ వచ్చిన పిల్లను పైగదికి పంపేసి, తన పరుపు తనే మళ్ళీ పరుచుకుంది. నేను పచ్చమ్మకు చెప్పిన రోజే కదులుతానంది. ఆ మొండితనం నాదే, ఎక్కడికి పోతుంది.

మూడు రోజులు నాన్చాను. నాలుగో రోజు పొద్దున్నే పచ్చమ్మ ఆఫీసుకెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె అరవలేదు. లేచి తలుపు మూసింది. ఇలాంటివే ఇంకో రెండు హాస్టళ్ళు కట్టే మాట నడుస్తోందని, ఇప్పుడు గోడలు విప్పితే అంతా మట్టిపాలేనని నెమ్మదిగా చెప్పింది. బూజు పట్టని రంగు ఒకటి ఉందట, అది వేయిస్తుందట.

"ఇది మనిద్దరి మధ్యే ఉండనీ మేస్త్రీ. నీ పని నీకుంటుంది" అంది.

తలూపాను. ఊపడం బాగా అలవాటైన తల.

మెట్లు దిగుతుండగా వార్డెన్ ఫోను. ఆస్పత్రికి చేరేసరికి పిల్ల ముక్కుకు ఆక్సిజన్ గొట్టం, పెదాలు నీలంగా ఉన్నాయి. నన్ను చూసి, మాటకూ మాటకూ మధ్య ఊపిరి వెతుక్కుంటూ అడిగింది.

"చెప్పావా?"

"చెప్పాను."

"ఏమంది?"

"గోడలు విప్పిస్తానంది. అన్నీ."

నా చెయ్యి ఒకసారి నొక్కి కళ్ళు మూసుకుంది. నర్సు వచ్చి ఇక పిల్లను మాట్లాడించొద్దంది. అంతకంటే నాకు కావలసిందేముంది.