నాలుగుసార్లు జబ్బుపడిన స్నేహితురాలు

వాషింగ్ మెషీన్‌లో దుప్పట్లు వేసి, మీట నొక్కి బయటపడ్డాను. అదే నేను చేసిన తెలివితక్కువ పని. పాటల కచేరీ మూడింటికి మొదలు, మెషీన్ రెండు గంటలు తిరుగుతుంది. అది ఆగేసరికి ఇంటికొచ్చేస్తా, ఆరేస్తా, ఎవరికీ ఏ లోటూ రాదు అనుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం కూడా నాకు దొరికే తీరిక దుప్పట్ల మురికి వదిలేంత సేపే.

"ఎక్కడికి?" అన్నారు మా ఆయన, పేపర్లోంచి తలెత్తకుండా.

"తుఫానుకి ఒంట్లో బాగాలేదట."

"మళ్ళీనా? ఆ రోగిష్టిదానికి ఇంకెవరూ లేరా?"

"పెళ్ళీ పెటాకులూ లేకపోతే అంతే మరి, ఒళ్ళు కూడా మాట వినదు," అని మా అత్తగారు లోపల్నుంచే తీర్పు చెప్పేశారు.

తుఫాను నా హాస్టల్ స్నేహితురాలు. ఆ పేరు మేం పెట్టిందే. కార్లు నడపడం నేర్పుతుంది. మనిషి గుండ్రాయిలా ఉంటుంది, దానికి జలుబు చేసి ఎన్నేళ్ళయిందో దానికే గుర్తులేదు. మా ఇంట్లో మాత్రం ఈ ఏడాదిలోనే మూడుసార్లు మంచం పట్టింది, ఇది నాలుగోది. ఒకసారి జ్వరం, ఒకసారి నడుం పట్టేసింది, ఒకసారి వాంతులు. ఏం చెయ్యను? కిందటేడు నిజమే చెప్పి చూశాను. "పాటల కచేరీకా? ఈ వయసులో గంతులేస్తావా?" అని మా ఆయన నవ్వి, "వెళ్ళు, నేనేమన్నా వద్దన్నానా? పిల్ల పరీక్ష పోతే మాత్రం నన్నడక్కు," అన్నారు. వెళ్ళలేదు. జబ్బు అంటే మాత్రం ఒక్క మాట విసిరి వదిలేస్తారు. సేవ చెయ్యడానికైతే ఆడదానికి గుమ్మం ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

తుఫానూ నేనూ వెళ్ళిన చోటు ఓ పాత గోడౌన్. కుర్చీల్లేవు, అందరూ నిలబడే ఉన్నారు. స్టేజీ మీద నలుగురు: రెండు గిటార్లు, ఒక ఫిడేలు, డ్రమ్ములు. పొలం పాటల్లాంటి బాణీలకి గిటార్లు కట్టి పాడతారట. వాళ్ళ పాటలు వాళ్ళే రాసుకుంటారు, సినిమాల జోలికి పోరు. పాడే ఆవిడకి నా వయసే ఉంటుంది. చెవి పక్కన తెల్లపాయ, ఇస్త్రీ లేని చొక్కా. మా ఆయన కాలరు మీద ఒక్క మడత కనిపిస్తే నాకు అరగంట క్లాసు.

గంట పైగా ఆలస్యంగా అందుకున్న మొదటి పాటని సగంలో ఆవిడ చెయ్యెత్తి ఆపేసింది. "ఆగండి, తీగ శ్రుతి దిగింది," అంది. అంతే. సారీ లేదు, ఇబ్బందిగా నవ్వడం లేదు. తల వంచి, చెవి పెట్టి, తన గిటారు మరను ఇంతింత తిప్పుతూ కూర్చుంది. అన్ని వందలమంది నోరు మూసుకుని ఎదురు చూశారు. నాకు కడుపు మండిపోయింది. నేను ఆసుపత్రిలో చీటీలు రాసే కౌంటర్లో కూర్చుంటాను. కంప్యూటర్ ఒక్క నిమిషం మొరాయిస్తే చాలు, అద్దం మీద టకటకా కొడతారు. నేను కంప్యూటర్ తరఫున కూడా సారీ చెప్తాను. ఇంట్లో స్నానానికెళ్తే రెండు చెంబులు పోసుకునేలోపు తలుపు మీద దరువు. ఆవిడ గొంతు చూసి కాదు నేను కుళ్ళుకున్నది, ఆవిడ కోసం ఆగిన ఆ జనాన్ని చూసి.

పాట మళ్ళీ అందుకోగానే తుఫాను కూడా అందుకుంది. అబ్బ, ఏం అపశ్రుతి! కళ్ళు మూసుకుని, చేతులు గాల్లోకి ఎత్తి, గొంతు చించుకుంటోంది. పక్కవాళ్ళు చూస్తున్నా దానికి పట్టదు. హాస్టల్లో పాడేదాన్ని నేను. బకెట్ బోర్లించి తాళం వేసేది అది. అంత గొంతున్న నేనేమో పెదాలు బిగించి, సంచి పొట్టకి ఆనించుకుని, ఫోన్ వణికిందేమోనని తడుముకుంటున్నాను. దాని నోరు నొక్కేయాలనిపించింది. నిజంగా.

ఫోన్ తీశాను. వైబ్రేషన్‌లో పెట్టాననుకుని ఏ బటన్ నొక్కానో ఏమో, మూడు మిస్డ్ కాల్స్, ఒక మెసేజ్. 'మెషీన్ కూస్తోంది. ఎలా ఆపాలి?' ఆ మీట ఎక్కడుందో పదేళ్ళుగా ఆయనకి తెలీదు.

ఆదరాబాదరాగా ఆ బటన్లే మళ్ళీ నొక్కి, "నే వెళ్తున్నానే," అన్నాను.

"ఇప్పుడేగా మొదలైంది! ఉండవే బాబూ."

"నీకేం, ఎన్నైనా చెప్తావు. అడిగేవాళ్ళెవరున్నారు నీకు?"

అనేశాక నాలిక కరుచుకున్నాను. అచ్చం మా అత్తగారి మాట, ఆవిడ గొంతుతో సహా.

తుఫాను చేతులు దించింది. "ఎందుకడగరే? మా అమ్మ అడుగుతుంది, అన్నయ్య అడుగుతాడు, ఇంటాయన అడుగుతాడు, కారు నేర్చుకోడానికి వచ్చినవాళ్ళు కూడా అడుగుతారు. నేను జవాబు చెప్పడం మానేశాను, అంతే తేడా. నువ్వేం చెప్పొచ్చావు ఇవాళ?"

చెప్పాను. జ్వరం, నడుం, వాంతులు, అన్నీ. పడీ పడీ నవ్వింది. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని ఆగింది.

"మూడుసార్లు మంచమెక్కించావు, ఇవాళ్టితో నాలుగు. సరే. ఇంకేం జబ్బులు మిగిలాయే? వచ్చేసారికి చంపేస్తావా నన్ను?"

నవ్వు రాలేదు నాకు. అది పోయిందని చెప్పి పాటలకి రావడం కూడా నాకు చేతనవుతుందని తెలిసింది. సిగ్గేసింది.

అప్పుడే పాడే ఆవిడ మళ్ళీ చెయ్యెత్తింది. "ఆగండి." హాలంతా నిశ్శబ్దం. తీగ ఒక్కటే టింగు టింగుమంటోంది. ఆ నిశ్శబ్దంలో నా సంచిలోంచి ఫోన్ గొంతెత్తి మోగింది. అందరి తలలూ ఇటు తిరిగాయి. స్టేజీ మీద ఆవిడ కూడా చూసింది. సారీ నోటిదాకా వచ్చింది. మింగేసి ఫోన్ ఎత్తాను.

"ఎంతసేపు? కూసి చంపుతోంది ఇక్కడ!"

"తలుపు పక్కన ఎర్ర మీట. నొక్కి, దుప్పట్లు తీసి ఆరేయండి."

"నేనా? అంత సీరియస్‌గా ఉందా ఆవిడకి?"

"దానికి ఏ జబ్బూ లేదండీ. ఎప్పుడూ లేదు. నేను పాటలు వినడానికొచ్చాను. అయ్యాక వస్తాను."

అటువైపు నుంచి ఏదో అంటున్నారు. వినలేదు. తుఫాను నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. స్టేజీ మీద తీగ శబ్దం ఎప్పుడో ఆగిపోయింది.

"అయిందా? మొదలెట్టనా?" అంది ఆవిడ, నన్నే చూస్తూ.

హాలు హాలంతా నాకోసం ఆగి ఉంది.

"ఒక్క నిమిషం ఆగండి," అన్నాను. తీరిగ్గా ఫోన్ ఆపేశాను, సంచిలో వేసి జిప్పు లాగాను. అప్పుడు చెప్పాను. "ఆఁ, ఇప్పుడు పాడండి."