పైపుల సేటు ఇంట్లో లీకు

నాంపల్లి స్టేషన్ దగ్గరి గల్లీలో సదాశివ పైపుల దుకాణానికి వచ్చే ప్లంబర్లెవరూ ఉత్త సామానుతో తిరిగి వెళ్లరు. దాంతోపాటు సలహా కూడా మోసుకుపోవాల్సిందే. పాత ఇనుప పైపు ఎప్పుడు మార్చాలో, తెల్ల పీవీసీలోకి వేణ్నీళ్లు ఎందుకు పంపకూడదో, గీజరుకి వేడిని తట్టుకునే సీపీవీసీయే ఎందుకు వేయాలో ఆయన కౌంటరు మీద మోచేతులు ఆనించి తీరిగ్గా చెబుతాడు. సొల్యూషన్ పూసి అతికించిన పైపు ఎంతసేపు ఆరాలని ఎవరైనా అడిగితే, "చాయ్ తాగేంతసేపు చాలు" అని తేల్చేస్తాడు.

"ఔ సేటు, మీరు చెప్పినంక ఇంకేముంటది" అని వాళ్లు తలూపుతారు. ఆ తలూపుడు చూస్తే సదాశివకి కడుపు నిండిపోతుంది. పైపులు అమ్మడమే తప్ప, తన చేత్తో ఒక్కటీ బిగించిన పాపాన పోలేదన్న సంగతి ఆయన భార్య విమలకొక్కదానికే తెలుసు.

ఒక ఆదివారం పొద్దున, అబిడ్స్‌లో వాళ్లుండే మొదటి అంతస్తు బాత్రూంలో, గీజరు నుంచి నల్లాకి వచ్చే ఇనుప పైపు తుప్పు పట్టి కారడం మొదలుపెట్టింది. తలంటుకుందామని నూనె పెట్టుకుని కూర్చున్న విమలకి ఒళ్లు మండింది.

"ప్లంబర్ వెంకటేశ్‌కు ఫోన్ చెయ్యుండ్రి."

"నీకేమన్న దిమాఖ్ ఉందా? పైపుల సేటు ఇంట్ల పైపు కారుతున్నదని తెలిస్తే రేపు దుకాణంల నా మాట ఎవడింటడు? నేనే చేస్త."

"మీరా?" అంది విమల. ఆ ఒక్క ముక్కతో ఆయనకి పౌరుషం పొడుచుకొచ్చింది.

వెళ్లి దుకాణం తాళం తీసి సామాను తెచ్చుకున్నాడు. సామానులో మాత్రం వంక పెట్టడానికి లేదు. వాల్వు కట్టేసి, పాత పైపు ఊడదీసి, మరలకి టేపు చుట్టి, కొత్త పైపుకి సొల్యూషన్ పూసి అతికించాడు. తర్వాత తన సూత్రం ప్రకారం కుర్చీలో కూర్చుని చాయ్ తాగాడు. లేచి వాల్వు తిప్పి, గీజరు స్విచ్చి వేశాడు.

జాయింటు ఊడింది. నీళ్లింకా కాగలేదు కాబట్టి బతికిపోయాడు. వాల్వు మూయాలన్న ధ్యాస లేకుండా అరచేతులు అడ్డం పెట్టాడు. ధార ఎగిరి కళ్లజోడుని పట్టుకుపోయింది. చివరికి విమలే పరుగున వచ్చి వాల్వు కట్టేసింది. అప్పటికే నీళ్లు గుమ్మం దాటి మెట్లు దిగి, కింది వాటా వరండాలోకి చేరిపోయాయి. అక్కడ, ఆ వాటాలో ఉండే రాధాకృష్ణమూర్తి, అబిడ్స్ ఫుట్‌పాత్ మీద అప్పుడే కొన్న పాత పుస్తకాలు పరుచుకుని ఉన్నాడు. ఆయనది కాకినాడ వైపు. ఈ ఊళ్లో సగం జీవితం గడిపినా ఆ యాస చెక్కుచెదరలేదు.

"సదాశివగారూ! మెట్ల మీంచి గోదావరి దిగొస్తోందండీ బాబూ! పుస్తకాలన్నీ నానిపోయాయి! మరేం ఫర్వాలేదు, మీ దుకాణానికొచ్చే వెంకటేశ్‌కి ఫోన్ చేసేశాను. దగ్గర్లోనే ఉన్నాట్ట."

సదాశివ తడి లుంగీతో డాబా మీదికెళ్లి దాక్కుందామా అనుకున్నాడు. అంతలోనే నల్ల కళ్లద్దాలు, చెవిలో ఇయర్‌ఫోనుతో వెంకటేశ్ దిగిపోయాడు. ఊడిన పైపు చివర వేలితో తాకి చూశాడు. వేలికి జిగట అంటింది.

"ఎవరు చేసిన్రిది?"

విమల మొగుడి వైపు చూసింది. మొగుడు గీజరు వైపు చూశాడు. వేళ్లకంటిన సొల్యూషన్ ఎక్కడ దాచుకోవాలి?

"నేనే," అన్నాడు. "చాయ్ తాగేంతసేపు ఆరవెట్టిన."

వెంకటేశ్ నవ్వలేదు. కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. "గా చాయ్ ముచ్చట మీరు నిజంగ చేస్తరనుకోలే సేటు. మేమెవ్వరం చెయ్యం."

"చెయ్యరా?"

"నేనొక్కసారి చేసిన. హిమాయత్‌నగర్‌ల ఒకలింట్ల హాలంత మునిగింది. గప్పటిసంది అందరం మీ దగ్గర ఔ అంటం, పనికాడికి పోయినంక పొద్దుగూకేదాంక ఆరవెడ్తం."

సదాశివ బోర్లించిన బకెట్ మీద కూలబడ్డాడు. "మరి ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలే? ఎనకకు పోయి నవ్వుకున్నరా?"

"నవ్వుకున్నం," అన్నాడు వెంకటేశ్, దాచకుండా. "గని మా అమ్మ దవాఖానల ఉన్నప్పుడు దుకాణం బంద్ పెట్టి వచ్చి కూసున్నదెవరు సేటు? గసొంటి మనిషి గంత ప్రేమగ చెప్తుంటే కాదనబుద్ధయితదా?"

సదాశివకి సిగ్గేసింది. ఏడుపూ వచ్చింది. విమల చూస్తోందని ఆపుకుందామనుకున్నాడు గానీ ఆగలేదు. ఆవిడ చూడనట్టే పక్కకి తిరిగి, మూర్తిగారి పుస్తకాలు ఆరేయడానికి కిందికి వెళ్లిపోయింది.

వెంకటేశ్ కొత్త పైపు ముక్క కోసుకుని, అంచులు గీకి, గుడ్డతో తుడిచి సొల్యూషన్ డబ్బా మూత తీశాడు. సదాశివ కళ్లజోడు వెతికి పెట్టుకుని, బకెట్ అతని పక్కకి జరుపుకున్నాడు.

"వెంకటేశ్, ఎట్ల పూస్తరో జర నాకు చూపియ్యి. ఈసారి నేను పూస్త."

వెంకటేశ్ అలవాటు కొద్దీ తలూపబోయి ఆగాడు.

"గట్ల కాదు సేటు," అన్నాడు. "ముందుగాల చేతులు తుడుచుకోండ్రి."