ఇత్తడి పలక మీద యెర్కో పేరు

ఆ ఊళ్ళో మగాడన్నాక రెండు చోట్ల పేరుండాలి. సమాధి రాయి మీద ఒకటి, సముద్ర మ్యూజియంలో ఒకటి. మొదటిది చచ్చిన ప్రతివాడికీ దొరుకుతుంది, రెండోదే కష్టం. మ్యూజియంలో లేని జీవిని తెచ్చిచ్చినవాడి పేరు ఇత్తడి పలక మీద చెక్కించడం, పైగా అందరికీ ద్రాక్ష సారా పోయించడం మొదటి డైరెక్టరు పెట్టిన ఆచారం. ఇంకేముంది! ఆదివారం చర్చి అవగానే ఎవరి తాత పలక ముందు వాళ్ళు ఛాతీ విరుచుకుని నిలబడేవాళ్ళు.

యెర్కో ఇంటిపేరు మాత్రం ఒక్క పలక మీదా లేదు. "మీవాళ్ళకి సార్డీను చేపలు తప్ప ఇంకేం పడతాయిరా" అని తోటి జాలరి లూవ్రె నవ్వినప్పుడల్లా, ఇరవై రెండేళ్ళ యెర్కోకి ఒళ్ళు మండిపోయేది.

చివరికి ఆ పేరూ పడింది. ఇప్పుడు యెర్కోకి డెబ్బై. మ్యూజియం పెద్ద హాల్లో గాజుపెట్టెలో సీల్ అనే సముద్ర జంతువు ఉంది, ఆ తీరంలో దాన్ని సముద్రపు మనిషి అంటారు. కింద పలక మీద 'వలలో చచ్చి దొరికినది, ఇచ్చినవాడు యెర్కో లుషిచ్' అనుంటుంది. పెళ్ళాం పెరీనా బతికున్నన్నాళ్ళూ పండగ పండక్కీ వెళ్ళి నిమ్మచెక్కతో ఆ పలక తోమొచ్చేది. మొగుడు గుమ్మం దాటేవాడు కాదు. లోపలికి రమ్మంటే, దొంగకి తేలు కుట్టినట్టు నోరు మూసుకుని నిలబడేవాడు.

మ్యూజియానికీ పక్కనున్న పరిశోధన సంస్థకీ నూరేళ్ళు పూర్తయ్యాయని, ఆ సంస్థలో పనిచేసే మిర్న చరిత్ర పుస్తకం రాస్తోంది. యెర్కోని చెయ్యి పట్టి మరీ ఆ గాజుపెట్టె ముందు కూర్చోబెట్టింది.

"సోమవారం అచ్చుకి పోతుంది తాతా. నీ కథొక్కటే మిగిలింది."

"పలక మీద రాసుందిగా!"

"పలకకి నోరు లేదు. నీకుందిగా?"

యెర్కో మొదటిసారి ఆ గాజుకళ్ళలోకి చూశాడు. పెరీనా పోయింది, లూవ్రె పోయాడు. తనూ రేపోమాపో పోతాడు. ఈ అబద్ధం మాత్రం అచ్చయి ఉండిపోతుంది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"అది చచ్చి దొరకలేదమ్మా. నల్లగుహ దగ్గర పడవ పక్కకొచ్చింది. చేప విసిరాను, తింది. ఇంకోటి విసిరాను, ఇంకా దగ్గరకొచ్చింది. తెడ్డుతో నెత్తిన కొట్టాను."

"ఎందుకు తాతా?"

"పేరు కోసం! బతికున్నదాన్ని వదిలెయ్యమంటారు, పలక వెయ్యరు. అంత పాపిష్టి వెధవని నేను. నలభై ఎనిమిదేళ్ళుగా లోపల కుళ్ళిపోతున్నాను, రాసెయ్."

మిర్న రాయలేదు. సంచిలోంచి ఒక నీలం నోటు పుస్తకం తీసింది. సీల్‌కి గడ్డి కూరి నిలబెట్టిన ఆండ్రోది అది. "పుర్రె ముందు భాగం పగిలి ఉంది, సుద్దతో పూడ్చాను" అని చదివింది.

యెర్కో నోరెళ్ళబెట్టాడు. "నీకు ముందే తెలుసా?"

"తెలుసు. నీ నోటితో చెబుతావేమోనని చూశాను." ఆమె గొంతు తగ్గింది. "దీని కింద ఇంకో మాటుంది. 'ఆడది, పాలిస్తున్న తల్లి.' పిల్ల ఏమైంది తాతా?"

యెర్కోకి అంతా గుర్తుంది. సీల్‌ని తెచ్చిచ్చిన సాయంత్రం ఊరంతా సారా గ్లాసులు పట్టుకుని మ్యూజియం మెట్ల మీద నిలబడ్డారు. నల్లగుహలోంచి ఏడుపు వినబడింది. నాలుగు రోజులు వినబడి ఆగిపోయింది. గుహలో గాలి దూరితే అలాగే మూలుగుతుందని అందరూ అన్నారు. మళ్ళీ ఆ గుహ వైపు అతను వల వెయ్యలేదు.

"ఇది కూడా రాసుకో తల్లీ," అన్నాడు యెర్కో. "గాలి అని ముందన్నది నేనే. ఆ వారమంతా ఆకు కూడా కదల్లేదు."