రెండో పిడి

"ఎంతసేపు లెండి బాబాయిగారూ, మా ఆవిడ ఖాళీగానే ఉంటుంది," అన్నాడు మా ఆయన. అప్పటికి నా చేతిలో సగం తరిగిన ఉల్లిపాయ ఉంది, పొయ్యి మీద పాలు పొంగడానికి సిద్ధంగా ఉన్నాయి, ముందు గదిలో కంప్యూటర్ మీద ఎవరిదో పెళ్ళి ఫొటో సగంలో ఆగిపోయి ఉంది. ఖాళీ అంటే ఇదన్నమాట అనుకున్నాను.

మాది ఫొటో స్టూడియో. ముందు గది దుకాణం, వెనక గదులు ఇల్లు. చిరిగినవీ, చెదలు తిన్నవీ, నీళ్ళలో నానినవీ పాత ఫొటోలు తెస్తారు జనం. వాటికి మళ్ళీ కళ్ళూ ముక్కూ తెప్పించేది నేను. బోర్డు మీద మాత్రం మా ఆయన పేరు, ప్రతి ఫొటో మూలనా మా ఆయన సంతకం. "మీవారి చెయ్యి బంగారమమ్మా" అని నాతోనే చెప్పిపోతారు. ఆ బంగారు చెయ్యి కంప్యూటర్ మీద దుమ్ము కూడా తుడిచి ఎరగదు. బోర్డు మీద నా పేరు కూడా రాయించమని ఒకసారి నోరు తెరిచి అడిగితే, "ఇద్దరి పేర్లూ వెయ్యడానికి అదేమన్నా శుభలేఖా?" అని పడీపడీ నవ్వాడు. నడుం పట్టేసిందంటే "కూర్చుని చేసే పనికి నడుం నొప్పేమిటే, చోద్యం కాకపోతే" అంటుంది అత్తయ్య. "మౌస్ కదపడం కూడా ఒక పనేనా అమ్మా" అని వంత పాడతాడు ఆవిడ కొడుకు.

బాబాయిగారంటే మా వీధి చివర కలప అడితి యజమాని. అడవిలో మానులు కోసే రోజుల్లో తీసిన వాళ్ళ తాతగారి ఫొటో తెచ్చారు. మా దుకాణం వెడల్పంత మాను. మనిషెత్తు పైన, మానుకి గాట్లు పెట్టి దూర్చిన పలక మీద తాతగారు నిలబడి ఉన్నారు, చేతుల్లో రంపం పిడి. "ఒంటిచేత్తో కూల్చారమ్మాయ్! మాను మొత్తం కనపడేట్టు పెద్దది చేసివ్వు, అడితి గుమ్మంలో పెడతాను," అన్నారు.

మాను మొత్తం ఎక్కడుంది? ఆయన ఎదురుగానే పటం చట్రం విప్పి చూస్తే ఫొటో సగం వెనక్కి మడిచి ఉంది. మడత తీశాను. మాను రెండో సగం, ఇంకో పలక, ఆ పలక మీద ఒకావిడ. రంపం రెండో పిడి ఆవిడ చేతుల్లో ఉంది. తాతగారు కెమెరాకేసి చూస్తున్నారు, ఆవిడ రంపంకేసి చూస్తోంది.

బాబాయిగారు తల గోక్కున్నారు. "మా నాయనమ్మే. ఆవిణ్ణి తీసెయ్యి. ఆడది రంపం లాగిందంటే నలుగురిలో ఏం బావుంటుంది? ఒంటిచేత్తో కూల్చాడనే ఇన్నాళ్ళూ చెప్పుకున్నాం."

"తీసేస్తుంది లెండి," అన్నాడు మా ఆయన, నా తరఫున.

మా నాన్న వడ్రంగి. అలాంటి రంపం మా ఇంట్లోనూ ఉండేది. దాన్ని తొయ్యకూడదు, లాగాలి. తోస్తే రేకు వంగి కూర్చుంటుంది. ఒకరు లాగినప్పుడు రెండోవాళ్ళు వదలాలి, మళ్ళీ వాళ్ళు లాగాలి. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. మా ఇంట్లో రెండో పిడి అమ్మది. పగలంతా లాగి, ఒంటి మీది పొట్టు దులుపుకుని, పొయ్యి దగ్గరికి వెళ్ళేది. ఊరు మెచ్చుకున్నది నాన్న పనితనాన్ని. అమ్మ అరచేతుల్లో కాసిన కాయలు ఎవరు చూశారు గనక?

నాయనమ్మగారి మొహం మీద పడిన మడత గీతని తుడిచాను. పళ్ళు బిగబట్టి ఉంది పాపం. ఈ మొహాన్ని నా చేత్తోనే చెరపాలా? నాకు ఒళ్ళు మండిపోయింది. తీసెయ్యమన్నారుగా, సరే, పూర్తిగా తీసేస్తాను అనుకున్నాను.

మర్నాడు సాయంత్రం బాబాయిగారు వచ్చారు. మా ఆయన ఎప్పటిలాగే చూడకుండానే, చుట్టి ఉంచిన ఫొటో మూలన సంతకం గీకి, దర్జాగా బల్ల మీద పరిచాడు. అత్తయ్య కూడా టీ గ్లాసుతో వచ్చి నిలబడింది.

మాను మొత్తం ఉంది. ఎక్కడా కోత లేదు, రంపం లేదు, రెండో పలక లేదు. తాతగారొక్కరే పలక మీద గాల్లో పిడికిళ్ళు బిగించి నిలబడి ఉన్నారు.

"ఇదేమిటమ్మాయ్, రంపమేదీ? మాను చెక్కుచెదరలేదేం?"

"ఆవిణ్ణి తీసెయ్యమన్నారు కదండీ. ఆవిడతోపాటు ఆవిడ చేసిన పనీ పోయింది. తాతగార్ని నేను ముట్టుకోలేదు."

అత్తయ్య కళ్ళజోడు సర్దుకుని వంగి చూసింది. "ఒంటిచేత్తో ఏం ఖర్మ, ఉత్తిచేతుల్తోనే నిలబడ్డాడు మహానుభావుడు!" అని టీ ఒలికేలా నవ్వింది. ఆవిడ నా పక్షాన నవ్వడం అదే మొదలు.

మా ఆయన మొహం కందగడ్డయింది. "మతి పోయిందా నీకు? కూర్చుని సరిచెయ్యి."

"నాయనమ్మగారితో ఉన్నది కూడా తయారుగా ఉంది బాబాయిగారూ," అన్నాను. "కావాలంటే అది ఇస్తాను. దాని మీద సంతకం మాత్రం నాది. ఆవిడ లేనిదే కావాలంటే, అదిగో, మావారి బంగారు చెయ్యి ఇక్కడే ఉంది."

కుర్చీలోంచి లేచి, దాన్ని మా ఆయనకేసి తిప్పాను.

"మీరే సరిచెయ్యండి. మౌస్ కదపడమేగా. బోర్డు మీద నా పేరు ఎక్కేదాకా నేనీ కుర్చీలో కూర్చోను."

పంతానికి పోయి కూర్చున్నాడు. బాబాయిగారు చూస్తుండగా బల్ల కిందికి వంగి, కంప్యూటర్ స్విచ్ ఎక్కడుందో వెతుక్కుంటున్నాడు.