పదకొండు గంటల పేర్లు

హైదరాబాద్ పాతబస్తీలోని దబీర్‌పురాలో రెండు గదుల్లో నడిచే చిన్న రేడియో స్టేషన్ ఒకటుంది. బస్తీ దాటితే వినపడదు. రోజూ పదకొండింటికి నూరున్నీసా అందులో బస్తీ ముసలివాళ్ల పేర్లు చదువుతుంది.

"చంద్రమ్మా, షుగర్ గోలీ ఏస్కున్నవా? విమలాదేవమ్మా, బీపీ గోలీ మర్శిపోకు."

ఇంట్లోవాళ్లే వచ్చి పేర్లు రాయిస్తారు. మనిషి పోయాకనే పేరు తీసేస్తారు.

విమలాదేవి కొడుకు గుండయ్యది బట్టల హోల్‌సేల్ వ్యాపారం. ముందు దుకాణం, వెనక ఇల్లు, రెండింటికీ ఒకటే రేడియో. మొన్న సోమవారం ఒక పెద్ద గిరాకీ చీరలు చూస్తుండగా నూరున్నీసా విమలాదేవిని పిలిచింది. లోపలి నుంచి ఆమె "ఏస్కున్న బిడ్డా!" అని రేడియోకు గట్టిగా జవాబిచ్చింది. గిరాకీ పకపకా నవ్వాడు. గుండయ్య పరువు గంగలో కలిసింది. తల్లికి బీపీ ఉండటం నామోషీ కాదట, నలుగురికీ తెలియడమే నామోషీ అట.

వెంటనే రేడియోను నగరమంతా వినిపించే గొప్ప ఎఫ్ఎంకు మార్చాడు. అందులో వివేక్ అనే మహానుభావుడు ఊపిరి తీసుకోకుండా మాట్లాడతాడు. పాతబస్తీ తన ప్రాణమంటాడు. పాపం, ఆ ప్రాణాన్ని చూడటానికి మూసీ దాటే తీరిక దొరికినట్టు లేదు.

శుక్రవారం పొద్దున విమలాదేవి ఇంట్లో కనిపించలేదు.

గుండయ్య ఇల్లూ దుకాణం అంతా వెతికాడు. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి, ఒంటరిగా గడప దాటి ఎన్నేళ్లయిందో. పెద్ద ఆపదకు పెద్ద రేడియోనే కావాలనుకుని ఎఫ్ఎంకు ఫోన్ మీద ఫోన్ కొట్టాడు. అరగంటకు లైను దొరికింది.

"అన్నా, మా అమ్మ కనిపిస్తలేదు. జర రేడియోల చెప్పున్రి."

"అమ్మ! ఆ మాటలోనే ఎంత ఫీల్ ఉందన్నా! హైదరాబాద్, ఈ అన్న వాళ్లమ్మ కోసం ఒక సాంగ్ వేసుకుందామా?"

"సాంగ్ వద్దు భాయ్, ఆకుపచ్చ చీర కట్టుకున్నది, బక్కగ..."

పాట వచ్చేసింది. వెనకే సిమెంటు ప్రకటన, మిక్సీ బహుమతి పోటీ. అమ్మ చీర రంగు మాత్రం రాలేదు.

దుకాణానికి తాళం వేసి, స్కూటర్ మీద లాడ్ బజార్, పత్తర్‌గట్టి అంతా వెతికాడు. మధ్యాహ్నం తిరిగొస్తుంటే ఛాయ్ హోటల్ షఫీఉద్దీన్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"యాడ తిరుగుతున్నవ్ సేఠ్? మీ అమ్మ మన రేడియో స్టేషన్ల కూసున్నది. పొద్దుటిసంది నూరున్నీసా మొత్తుకుంటనే ఉన్నది. బస్తీ మొత్తం విన్నది. నువ్వు వినలే?"

గుండయ్య పరుగెత్తాడు. స్టూడియోలో తల్లి కుర్చీ మీద నిమ్మళంగా కూర్చుని ఉంది.

"నీ ఫోన్ ముందు బిజీ వచ్చె, తర్వాత ఎత్తుతలేవు. మనిషిని పంపితే తాళం ఉన్నదన్నడు. ఏం భాయ్ నువ్వు?" అంది నూరున్నీసా.

"ఏందమ్మా గిది? చెప్పకుంట గిట్ల వస్తవా?"

"మూడు దినాలాయె బిడ్డా, నా పేరు పిలుస్తలేరు. పోయినోళ్ల పేర్లే గదా తీసేస్తరు. నేను పోయిన్నో ఏందో, జర అడిగిపోదామని వచ్చిన."

గుండయ్య సిగ్గుతో చచ్చిపోయాడు. నూరున్నీసా ముఖం చూడలేక తల్లి పక్కన కూలబడ్డాడు.

"మరి గోలీలు ఏస్కుంటున్నవా?" అన్నాడు మెల్లగా.

"పోయినోళ్లకు గోలీలెందుకు బిడ్డా?" అంది విమలాదేవి.